ఎవరి భద్రత? ఎవరి భూమి?

ఏటికొప్పాకలో బొమ్మ తిప్పే కళాకారుడికి అంకుడు కర్ర కావాలంటే అటవీ చట్టం అడ్డం వస్తుంది. డి-ఫారం పట్టా రైతు కూతురి పెళ్లికి అరెకరం అమ్ముకుందామంటే, 2023లో సడలించేదాకా 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కుదరదంది. మరి సర్కారుకే భూమి కావలసివస్తే? మాస్టర్ ప్లాన్‌లో పచ్చరంగు ఒక్క ఉత్తర్వుతో మారిపోతుంది. పేపర్లో ఓ మూల నోటీసు, అభ్యంతరాలకు పదిహేను రోజులు. ఆ పేపరు ఏ కొండకింది పల్లెకు వెళుతుందో అధికారులే చెప్పాలి!

గ్రేహౌండ్స్ శిక్షణ కేంద్రం సంగతి చూద్దాం. హైదరాబాద్‌లోని కేంద్రం మూడేళ్లు ఉమ్మడిగా నడిచాక తెలంగాణకు చెందుతుందని, ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిదే కట్టుకోవడానికి ఢిల్లీ సాయం చేస్తుందని 2014 విభజన చట్టం తొమ్మిదో సెక్షన్ చెప్పింది. దానికి స్థలం ఎక్కడ చూశారు? విశాఖ జిల్లా ఆనందపురం మండలం జగన్నాథపురంలో, దాదాపు 385 ఎకరాలు. ఏటికొప్పాకకు ఆనందపురం దూరమే. కానీ రేపు ఇంకో కేంద్రానికి వరాహ నది ఒడ్డున గొలుసు పట్టి కొలిచినా పద్ధతి ఇదే.

పోలీసులకు శిక్షణ వద్దని మేము అనడం లేదు. విభజన హామీ అమలు కావలసిందే. ఢిల్లీ ఇచ్చేది డబ్బు, నేల మాత్రం ఉత్తరాంధ్రది. మన కొండవాలు భూములు రికార్డులో ప్రభుత్వానివి, కళ్లెదుట మాత్రం జీడిమామిడి తోటలు. రెండు తరాలు రాళ్లు ఏరి, గోతులు తవ్వి పెంచినవాణ్ణి ఆక్రమణదారుడు అనడం ఏం న్యాయం? అసైన్డ్ రైతుకూ పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ కట్టివ్వాలని మేకల పాండు కేసులో 2004లోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పిచ్చింది. అది వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. భూమి తీసుకున్నచోటల్లా ఆ లెక్కన ఎంత చెల్లించారో గ్రామసభలో పేరుపేరునా చదివి వినిపించాలి.

ఇంకో మాట. ప్రజాభద్రత పేరుతో భూ వినియోగం మారుస్తున్నారు కదా, మన జనం దేనివల్ల చస్తున్నారు?

2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి 12 మందిని బలిగొంది. ఆ తెల్లవారుజామున ఇంటింటి తలుపూ తట్టి జనాన్ని లేపిన పోలీసుల్లోనూ కొందరు ఆస్పత్రి పాలయ్యారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా కంపెనీలో 17 మంది చనిపోయారు. 2025 ఏప్రిల్ 13న మనకు దగ్గరలోని కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి ఎనిమిది మంది కూలీలు పోయారు. వీళ్లలో ఎవరినీ అడవిలో తుపాకీ చంపలేదు. ద్రావకం, ఆవిరి, మందుగుండు చంపాయి. ఏ రసాయనానికి నీళ్లు కొట్టాలో, దేనికి కొట్టకూడదో తెలిసిన ఫైర్‌మన్, గాలి ఎటు వీస్తుందో చూసి ఊరిని ఖాళీ చేయించగల కానిస్టేబుల్, ప్రమాద ఘంటిక మోగితే ఎటు పరుగెత్తాలో తెలిసిన కాంట్రాక్టు కూలీ... వీళ్లకు శిక్షణ ఎక్కడ? దానికోసం మాస్టర్ ప్లాన్‌లో రంగు మార్చిన ఫైలు ఒక్కటైనా ఉందా?

ఇక ఎస్.రాయవరం మండలం పక్కనే నక్కపల్లిలో రెండు వేల ఎకరాల బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. పరిశ్రమకు భూమి దొరికింది. ప్రమాదాన్ని ఎదుర్కోవడం నేర్పే బడికి పాతిక ఎకరాలు దొరకవా? అది కొత్తగా రైతు దగ్గర గుంజనక్కర్లేదు. సేకరించిన పారిశ్రామిక భూమిలోంచే ఇవ్వండి, ఖర్చు కంపెనీల చేత పెట్టించండి, సీట్లు ముందు భూమి పోయిన కుటుంబాల పిల్లలకు కేటాయించండి.

ఊళ్లో చాటింపు వేయించి, సభ పెట్టి, మాట తీసుకున్నాకే ఏ భూమి రంగైనా మార్చాలని మేము డిమాండ్ చేస్తున్నాం. నక్కపల్లి శిక్షణ కేంద్రం మాత్రం ఆ పార్కులో మొదటి రియాక్టర్ వేడెక్కకముందే తెరుచుకోవాలి.