అంచున నిలిచేవాడి వెల

ఏప్రిల్ వచ్చిందంటే హ్యూస్టన్ తెలుగు ఇళ్ళలో రెండు లెక్కలు నడుస్తాయి. పన్నుల లెక్క పదిహేనో తారీకుతో తీరిపోతుంది. రెండోది నెలాఖరు దాకా తేలదు. ఈసారి ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో మన ఫుట్‌బాల్ జట్టు టెక్సన్స్ ఎవరిని తీసుకుంటారన్నది ఆ రెండో లెక్క. ఈ సంచిక యువ పుటల్లో ఇద్దరు పిల్లలు దీని మీదే తగువు పెట్టుకున్నారు. కాలేజీ డిఫెన్సివ్ ఎండ్‌కి తొలి వరుస ఎంపిక ఇవ్వడం దండగని ఒకరు, కాదని ఇంకొకరు. సంపాదకులు ఇలాంటి తగవుల్లో తలదూర్చరాదని పెద్దలు చెబుతారు. అయినా దూరుస్తున్నాం.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక్క మాట. డ్రాఫ్ట్ అంటే మన ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తిరగేసినట్టు. కిందటేడు అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుకే మొదటి పిలుపు. కాలేజీ కుర్రాళ్ళలో తనకు కావలసినవాణ్ణి ముందుగా ఏరుకుంటుంది. ఇక డిఫెన్సివ్ ఎండ్ అంటే రక్షణ వరుసలో కొసన నిలబడేవాడు. బంతి కదలగానే ఎదురుగా ఉన్న మూడొందల పౌన్ల మనిషిని తోసుకుంటూనో, పక్కనుంచి చుట్టుకొచ్చో క్వార్టర్‌బ్యాక్ మీద పడాలి. వాడు బంతి విసిరేలోపే పడగొడితే అది శాక్. ఆట మొత్తంలో పదుల సార్లు ఈ పెనుగులాట జరిగితే ఒక్క శాక్ దక్కినా గొప్పే. మిగతా అన్నిసార్లూ ఆ కొసవాడు పడ్డ పాటు టీవీలో కనపడదు, ఎందుకంటే కెమెరా బంతి వెంట పోతుంది. మన తగవు మూలం అక్కడే ఉంది.

ఈ తగవు హ్యూస్టన్‌కి కొత్త కాదు. 2005లో టెక్సన్స్ 16 ఆటల్లో రెండే గెలిచి, 2006 డ్రాఫ్ట్‌లో మొదటి పిలుపు సంపాదించుకున్నారు. ఎదురుగా ఇద్దరు తారలు. హైస్మన్ ట్రోఫీ గెలిచిన రెజీ బుష్ ఒకడు. మన ఊరి మాడిసన్ హైస్కూలు కుర్రాడు విన్స్ యంగ్ ఇంకొకడు. ఆ జనవరిలోనే రోజ్ బౌల్‌లో బుష్ జట్టును 41-38తో ఓడించి టెక్సస్ విశ్వవిద్యాలయానికి జాతీయ కిరీటం తెచ్చాడు. ఊరంతా ఈ ఇద్దరిలో ఎవరా అని చూస్తుంటే, డ్రాఫ్ట్‌కి ముందురోజు రాత్రి టెక్సన్స్ మూడోవాడితో సంతకం చేయించారు. నార్త్ కరొలైనా స్టేట్ డిఫెన్సివ్ ఎండ్ మారియో విలియమ్స్. ఆరేళ్ళకు 5 కోట్ల 40 లక్షల డాలర్లు. జనం మండిపడ్డారు.

మొదటి ఏడు ఆ కోపం న్యాయమే అనిపించింది. అరికాలి నొప్పితో ఆడిన మారియోకి నాలుగున్నర శాక్‌లు దక్కాయి. (అర అంటే ఇద్దరు కలిసి పడగొట్టినది.) పుండు మీద కారంలా, ఆ డిసెంబరులో టెనెసీ జట్టుతో వచ్చిన విన్స్ యంగ్ మన స్టేడియంలోనే ఓవర్‌టైములో 39 గజాలు పరిగెత్తి టెక్సన్స్‌ని ఓడించి పోయాడు. మరుసటి ఏడు మారియో 14 శాక్‌లు చేశాడు, ఆ పై ఏడు 12. చివరికి 97.5 దగ్గర ఆగాడు. యంగ్ ఆట 2011తో ముగిసింది. బుష్ న్యూ ఆర్లీన్స్‌తో సూపర్ బౌల్ గెలిచాడు గానీ, ఒక జట్టు భారాన్ని ఏళ్ళ తరబడి మోసే పరుగువీరుడు కాలేకపోయాడు. మా మటుకు ఆ మొదటి పిలుపుకి తగినవాడు మారియోనే. టెక్సన్స్ డివిజన్‌లోనే క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ ఉన్నాడు, ఏటా రెండుసార్లు తలపడాలి. 2002లో టెక్సన్స్ క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్‌నే ప్రత్యర్థులు 76 సార్లు పడగొట్టారు. ఒక సీజన్‌లో లీగ్ రికార్డు అది. కొసన నిలిచేవాడు ఏం చేయగలడో తెలిసినవాళ్ళే మారియోని ఎంచుకున్నారు.

2011లో పదకొండో పిలుపుకి డిఫెన్సివ్ ఎండ్ జె.జె. వాట్‌ని తీసుకుంటే మళ్ళీ ఛీత్కారాలే. ఆ పిలుపు కూడా ఆలస్యమేనని తేలడానికి రెండేళ్ళు చాలాయి. ఏడాది ఉత్తమ రక్షణ ఆటగాడి బహుమతి మూడుసార్లు గెలిచాడు. హార్వీ తుపాను వరద మన ఇళ్ళలోకి వచ్చినప్పుడు 2 లక్షల డాలర్లు పోగుచేద్దామని మొదలుపెట్టి 3 కోట్ల 70 లక్షలు తెచ్చాడు. ఆయన్ని వెక్కిరించామని ఇప్పుడెవరూ ఒప్పుకోరు.

మరి డిఫెన్సివ్ ఎండ్ అంటే కళ్ళు మూసుకుని తీసుకోవడమేనా? కాదు. 2014లో టెక్సన్స్ మొదటి పిలుపు జడేవియన్ క్లౌనీది. 266 పౌన్ల మనిషి 40 గజాలు 4.53 సెకండ్లలో పరిగెత్తాడు. కాలేజీ ఆటలో మిషిగన్ మీద ఆయన కొట్టిన ఒక్క దెబ్బకు హెల్మెట్ ఎగిరిపోయిన వీడియో చూడనివాళ్ళు లేరు. కానీ కాలేజీలో 13 శాక్‌ల ఏడాది తర్వాత చివరి ఏడు మూడుకు పడిపోయాడు. ఇద్దరేసి మనుషుల్ని పెట్టి అడ్డుకున్నారనే సమాధానం నిజమే. అయినా అనుమానపడాల్సిన లెక్కే. టెక్సన్స్ తరఫున మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతింది. తర్వాత మంచి ఆటగాడే అయ్యాడు, పరుగు ఆటను ఆపడంలో దిట్ట. కానీ ఏ ఒక్క సీజన్‌లోనూ పది శాక్‌లు అందుకోలేదు. అదే డ్రాఫ్ట్‌లో రక్షణ ఆటగాళ్ళే అయిన ఖలీల్ మాక్ ఐదో పిలుపుకి, ఆరన్ డోనల్డ్ పదమూడో పిలుపుకి పోయారు. డోనల్డ్ పొట్టివాడన్నారు. ఆ పొట్టివాడు ఉత్తమ రక్షణ ఆటగాడిగా మూడుసార్లు నిలిచాడు.

గడియారాన్ని, కొలత టేపును నమ్మకూడదని మా వాదన కాదు. కేటీలో హైస్కూలు చదివిన డేనియల్ హంటర్ ఎల్ఎస్‌యూ కాలేజీలో చివరి ఏడు చేసినవి ఒకటిన్నర శాక్‌లే. ఒళ్ళు, వేగం చూసి మిన్నెసోటా 88వ పిలుపుకి తీసుకుంది, ఆయన లీగ్‌లో మేటి అయ్యాడు. అలాంటి జూదం మూడో రౌండులో ఆడుకోవచ్చు. మొదటి ఐదు పిలుపుల్లో మాత్రం ఒళ్ళూ కావాలి, వారం వారం పనిచేసిన రుజువూ కావాలి.

యువ పుటల్లో 'దండగ' అన్న అబ్బాయి డబ్బు సంగతి ఎత్తాడు కాబట్టి అదీ చూద్దాం. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ 2011లో కుదిరిన ఒప్పందం కొత్త ఆటగాళ్ళ జీతాలకు కళ్ళెం వేసింది. 2023లో అలబామా నుంచి వచ్చిన విల్ ఆండర్సన్‌కి నాలుగేళ్ళకు కలిపి సుమారు 3 కోట్ల 52 లక్షలు. 2025లో అప్పటికే పేరు తెచ్చుకున్న రక్షణ ఆటగాడు మైకా పార్సన్స్‌కి గ్రీన్ బే ఒప్పుకున్నది ఏడాదికే సగటున 4 కోట్ల 70 లక్షలు! పేరు తెచ్చుకున్నాక కొనాలంటే అదీ ధర. కాలేజీ నుంచి నేరుగా తెచ్చుకుంటే నాలుగేళ్ళ పని అంతకన్నా తక్కువకే. మారియో నాటి భయం ఇవాళ చెల్లదు.

ఆ ఆండర్సన్ కోసం టెక్సన్స్ పన్నెండో, ముప్పైమూడో పిలుపులతో పాటు మరుసటి ఏడాది మొదటి, మూడో రౌండు పిలుపులు కూడా అరిజోనాకి ఇచ్చి మూడో పిలుపుకి ఎగబాకారు. ఎక్కువ చెల్లించారని అప్పుడందరూ అన్నారు. అలబామాలో మూడేళ్ళలో 34.5 శాక్‌లు చేసినవాడు వచ్చీ రావడంతోనే ఉత్తమ కొత్త రక్షణ ఆటగాడయ్యాడు. అంతకుముందు ఏడు మూడే గెలిచిన జట్టు ఆ ఏడు పది గెలిచింది. సగం పుణ్యం క్వార్టర్‌బ్యాక్ స్ట్రౌడ్‌దే, కాదనం. టెక్సన్స్ ఇచ్చిన ఆ మొదటి రౌండు పిలుపుతో అరిజోనా కూడా రక్షణ వరుసవాణ్ణే తీసుకుంది!

కాబట్టి మా తీర్పు: మారియోకి సరైన ధర ఇచ్చారు, వాట్‌ని చవగ్గా కొట్టేశారు, క్లౌనీకి ఎక్కువ ఇచ్చారు, ఆండర్సన్‌కి ఇచ్చింది ఎక్కువేమీ కాదు. ఈ ఏడాది ఎవరి పేరు పిలిచినా సరే, వెక్కిరించే ముందు వాడు కాలేజీలో ఆడిన చివరి నాలుగు ఆటలు తీసి, బంతిని వదిలేసి వాణ్ణి ఒక్కణ్ణే చూడండి. ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికకు రాయండి. పిల్లలు రాస్తే మరీ సంతోషం, తెలుగులోనే రాయాలి. తప్పులుంటే మేం దిద్దుకుంటాం.