చెప్పడమూ సేవే

రెండేళ్లు దాటినా మాటలు రాని పిల్లవాడి గురించి మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట ఒకటుంది: 'మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి. మీ మామయ్య నాలుగో ఏడు దాకా మాట్లాడలేదు.' విజయవాడ నుంచో వరంగల్ నుంచో వీడియో కాల్‌లో అమ్మమ్మ ఇచ్చే ధైర్యం అది. ఆమె ప్రేమను తప్పుపట్టలేం. కానీ ఆ ధైర్యంతో అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు మరో ఏడాది ఆగితే, ఆ ఏడాదిలో బిడ్డకు అందవలసిన సాయం అందదు. అది ఎవరో దయతలచి ఇచ్చే సాయం కాదు. చట్టం రాసిపెట్టిన హక్కు.

నేను కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. కొన్నేళ్లుగా సాయంత్రాలు, శనివారాలు ఒక చిన్న సేవాసంస్థకు పనిచేస్తున్నాను. వైకల్యం ఉన్నవారికి, వారి కుటుంబాలకు తోడుగా ఉండే సంస్థ అది. నాది సమాచార విభాగం. కరపత్రాలు, వార్తాలేఖలు, వెబ్‌సైట్, ఫోన్లో అడిగే ప్రశ్నలకు జవాబులు చూస్తుంటాను. 'థెరపీ ఇచ్చేవాళ్లది సేవ, మీది పబ్లిసిటీ కదా' అంటారు మిత్రులు. అక్కడే నాకు పేచీ. సేవ ఉందని తెలియని కుటుంబానికి ఆ సేవ లేనట్టే.

కాలిఫోర్నియా సంగతే చూడండి. 1969 నాటి లాంటర్‌మన్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛ, మేధో వైకల్యం వంటివి చిన్నవయసులోనే మొదలై, రోజువారీ జీవితానికి గట్టి అడ్డంకిగా నిలిచినవారికి సేవలు పొందే హక్కు ఇచ్చింది. ఇందుకోసం రాష్ట్రంలో 21 రీజినల్ సెంటర్లు ఉన్నాయి. అర్హత తేల్చేటప్పుడు మీ జీతం, మీ వీసా లెక్కలోకి రావు. మూడేళ్లలోపు పిల్లలకు 'ఎర్లీ స్టార్ట్' ఉంది. దానికి డాక్టర్ చీటీ కోసం ఆగక్కర్లేదు, తల్లిదండ్రులే ఫోన్ చేయవచ్చు. అప్పటి నుంచి 45 రోజుల్లో బిడ్డను పరీక్షించి, అర్హత ఉంటే ఏయే సేవలు ఇవ్వాలో కుటుంబంతో కూర్చుని రాసుకోవాలి.

మూడేళ్లు నిండాక చదువుకు సంబంధించిన బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. దీనికి మూలం 1975లో వచ్చిన సమాఖ్య చట్టం, ఇప్పుడు 'ఐడియా' అంటున్నాం. బిడ్డను పరీక్షించమని తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరితే కాలిఫోర్నియాలో బడి సాధారణంగా 15 రోజుల్లో పరీక్షల ప్రణాళిక పంపాలి. మీరు సంతకం పెట్టి తిరిగిచ్చాక 60 రోజుల్లో ఐఈపీ సమావేశం జరగాలి. ఆ సమావేశంలో ఇంగ్లిష్ ఇబ్బందైతే దుబాసీని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. మిగతా రాష్ట్రాల్లో పేర్లు, గడువులు కొంత మారతాయి కానీ, మూడేళ్లలోపు పిల్లల కార్యక్రమం, బడి బాధ్యత అమెరికా అంతటా ఉన్నవే.

ఇదంతా ఇంగ్లిష్‌లో ఎప్పటి నుంచో అందుబాటులో ఉంది. మనవాళ్లలో ఇంగ్లిష్ రానివారూ తక్కువే. అయినా ఎందుకు చేరదు? ఈ పనిలో నాకు కనిపించిన అడ్డంకులు మూడు: మాట, భయం, చూపించే తీరు.

ముందు మాట సంగతి. 'రెస్పైట్' అనే సేవను యంత్రానువాదంలా 'ఉపశమనం' అని రాస్తే, చదివినవారు నొప్పి మాత్రల గురించి అనుకుంటారు. 'నమ్మకమైన మనిషి మీ బిడ్డను కొన్ని గంటలు చూసుకుంటారు, ఈలోగా మీరు నిద్రపోవచ్చు, బయటి పని చూసుకోవచ్చు' అని రాస్తే తల్లికి అర్థమవుతుంది. వాక్యం పొడుగైనా పర్వాలేదు.

ఇక పిలుపు. 2010లో వచ్చిన 'రోజాస్ లా' అమెరికా సమాఖ్య చట్టాల్లో 'మెంటల్ రిటార్డేషన్' అన్న మాట తీసేసి 'మేధో వైకల్యం' అన్న అర్థం వచ్చే మాట పెట్టింది. మన విందుల్లో మాత్రం 'వాడొక మెంటల్' అన్నది ఇప్పటికీ నవ్వు తెప్పించే మాటే. ఆ బల్ల దగ్గరే కూర్చున్న తల్లి ఇక తన బిడ్డ గురించి నోరు విప్పుతుందా? భారత ప్రభుత్వం వాడుతున్న 'దివ్యాంగులు' అనే పిలుపు కొందరికి ఇష్టం. దైవత్వం అక్కర్లేదు, మెట్ల పక్కన ర్యాంపు కట్టండి చాలు అనేవారూ ఉన్నారు. ఏమని పిలవాలో ఆ మనిషినే అడగడం మేలు.

రెండోది భయం. అన్నకు ఆటిజం అని తెలిస్తే చెల్లెలి పెళ్లి ఏమవుతుందోనని, ఊళ్లో బంధువులు ఏమంటారోనని, గ్రీన్‌కార్డు దరఖాస్తుకు చిక్కొస్తుందేమోనని. ఇవి కొట్టిపారేయదగ్గ భయాలు కావు. బడిలో ప్రత్యేక విద్య ఇవ్వడానికి వీసా అడగకూడదని ధైర్యంగా చెప్పగలం. వైద్య సాయం, నగదు సాయం వంటి వాటిపై సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి, వాట్సాప్ గ్రూపును కాదు. పేరు బయటపడదన్న హామీ కరపత్రం మొదటి పేజీలోనే ఉండాలి.

మూడోది చూపించే తీరు. చందాలు కావాలంటే కన్నీళ్లు తెప్పించే ఫొటో వేయాలని సలహా ఇచ్చేవారికి కొదవలేదు. అలాంటి ఫొటోతో డబ్బు రావచ్చు కూడా. కానీ అదే ఫొటో చూసిన మరో తల్లి 'మా వాడినీ ఇలాగే చూపిస్తారా' అనుకుని ఫోన్ చేయకుండా ఆగిపోతుంది. చందా ఇచ్చేవారిని కదిలించే బొమ్మ, సాయం కావలసినవారిని దూరం చేస్తే ఆ సంస్థ ఎందుకు? జాలి కలిగించే ముఖం కంటే, అనుమతి తీసుకుని, పని చేస్తున్న మనిషిని, బస్సెక్కుతున్న మనిషిని చూపడమే నాకు సరైనదనిపిస్తుంది.

నా వృత్తికి దగ్గరైన విషయం ఇంకొకటి. మన సంఘాల ప్రకటనలు చాలావరకు అక్షరాలు నింపిన బొమ్మలుగా వాట్సాప్‌లో తిరుగుతాయి. చూపు లేనివారి ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ చాలాసార్లు వాటిని చదవలేదు. అను వంటి పాత ఫాంట్లలో చేసిన పీడీఎఫ్‌లు దానికి అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల్లా వినిపిస్తాయి. బొమ్మ కింద అదే విషయం యూనికోడ్ తెలుగులో టైప్ చేసి పెట్టడానికి ఐదు నిమిషాలు పడుతుంది. వీడియోకు కింద అక్షరాలు వేస్తే వినికిడి లేనివారికీ, చెవి మందగించిన మన నాన్నలకూ ఉపయోగమే.

మౌనానికి ఇంకో ధర కూడా ఉంది. రీజినల్ సెంటర్లు ఏ జాతివారికి, ఏ భాషవారికి ఎంత ఖర్చుపెట్టాయో ఏటా బయటపెట్టాలని కాలిఫోర్నియా చట్టం చెబుతోంది. వర్గాల మధ్య తేడాలపై ఏళ్లుగా చర్చ నడుస్తోంది. అడగనివారు ఆ పట్టికల్లో అవసరం లేనివారిలా కనిపిస్తారు. అవసరం కనిపించనప్పుడు తెలుగులో కరపత్రం అచ్చువేయమనీ, దుబాసీని పెట్టమనీ ఏ ఆఫీసును ఒప్పించగలం?

అందుకే మన సంఘాలను కోరేది పెద్దదేమీ కాదు. ఉగాదికి, దీపావళికి సభలు పెడతాం. నగల దుకాణానికి, రియల్ ఎస్టేట్‌కు స్టాళ్లు ఇస్తాం. ఒక బల్ల ఈ సమాచారానికి కేటాయించండి. మీ ఊళ్లో ఎక్కడ ఫోన్ చేయాలో తెలుగులో ఒక్క పేజీ చాలు. ఇప్పటికే ఈ దారిలో నడిచిన తల్లిదండ్రులు ఒప్పుకుంటే వారినే ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. వైకల్యం ఉన్న మన యువతను సన్మానానికి మాత్రమే కాదు, కార్యవర్గంలోకీ పిలవండి.

మీ ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఎదుగుదలపై సందేహం ఉంటే అమ్మమ్మ మాట వినండి, ఫోనూ చేయండి. ఆమె చెప్పిందే నిజమైతే పోయేదేమీ లేదు. కాకపోతే బిడ్డకు ఒక ఏడాది మిగులుతుంది.