పాత బొమ్మ: అల్మారాకా, పసిచేతికా?



మన పల్లెల్లోకి పాత సామాన్ల బండి వచ్చిందంటే చిల్లుపడిన బిందె, విరిగిన బకెట్టు, చక్రం ఊడిన కారుబొమ్మ అన్నీ ఒకే తక్కెడలో పడతాయి. బదులుగా కాసిని ఉల్లిపాయలో, నాలుగు రూపాయలో చేతికి వస్తాయి. అలాంటి కారుబొమ్మ కోసమే వేరొక దేశంలో ఒక పెద్దమనిషి తెల్లవారగానే పాత సామాన్ల దుకాణం ముందు నిలబడతాడంటే మనకు నవ్వు వస్తుంది. కాని అది నిజమే. విదేశాల్లో ఉన్న మనవాళ్లలోనూ ఈ సరదా గలవారు ఉన్నారు. వారు సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో తెచ్చే బొమ్మ ఆ దుకాణానిది కావచ్చును. అందుచేత పిల్లలున్న ప్రతి ఇంటివారు ఈ సంగతి కొంత తెలిసికొనుట మంచిది.

ఈ దుకాణాలు పుట్టింది వ్యాపారం కోసం కాదు. 1902లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాదిరిగారు ధనికుల ఇండ్లకు వెళ్లి వాడిన బట్టలు, సామాన్లు పోగుచేశారు. వాటిని బాగుచేసే పని బీదలకు ఇచ్చి కూలి చెల్లించారు. బాగైన వస్తువులను తక్కువ ధరకు అమ్మించారు. అదే నేటి గుడ్‌విల్ సంస్థ. మన బాపట్ల ప్రాంతమువారు బాగా ఎరిగిన రక్షణ సైన్యము కూడా ఆయా దేశాల్లో ఇలాంటి దుకాణాలు నడుపుతున్నది. మన హైదరాబాదులో గురువారం జరిగే జుమ్మేరాత్ బజారులోనూ పాత వస్తువులు దొరుకుతాయి గాని, అది వట్టి బేరసారాల సంత.

ఇంతకూ ఆ పాత బొమ్మల్లో ఏముంది? ఒక ఉదాహరణ చూడండి. లండన్‌లో లెస్నీ అనే కంపెనీలో జాక్ ఓడెల్ అనే ఇంజనీరు ఉండేవారు. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మను మాత్రమే బడికి తేవచ్చునని ఆయన కుమార్తె చదివే బడిలో నియమం. అందుకని ఆయన రోడ్డు రోలరును చిట్టి బొమ్మగా చేసి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చారు. అందులోనుంచే 1953లో మ్యాచ్‌బాక్స్ కార్లు పుట్టాయి. ఆ కంపెనీ 1982లో దివాలా తీసింది. కనుక అడుగున లెస్నీ, ఇంగ్లండు అని ఉన్న కారు అంతకు ముందుదని వెదికేవారు గుర్తుపడతారు.

ఇంకొకటి. 1977లో స్టార్ వార్స్ అనే సినిమా వచ్చినప్పుడు కెన్నర్ కంపెనీ క్రిస్మసునాటికి బొమ్మలు తయారు చేయలేకపోయింది. అందుచేత ఒక పత్రం ఉన్న అట్టపెట్టె మాత్రమే అమ్మి, 1978లో బొమ్మలను పోస్టులో పంపింది. పిల్లలు ఆ బొమ్మలతో ఆడి విరగ్గొట్టారు, పెట్టెలు పారవేశారు. ఆడనివి, పెట్టె విప్పనివి బహు కొద్దిగా మిగిలాయి. అందుకే నేడు బొమ్మకంటే పెట్టెకే విలువ ఎక్కువ! మన దేశంలోనే 1980ల చివరిలోను, 1990లలోను లియో కంపెనీ చేసిన హీ-మాన్ బొమ్మల కోసం కూడా విదేశాలవారు వెదుకుతున్నారు. కనుక అటక మీది పాత బొమ్మలను బండివాని తక్కెడలో వేసేముందు ఒకసారి తిప్పి అడుగున ఏమి వ్రాసి ఉన్నదో చూడండి. అయితే అక్కడ ఉన్న సంవత్సరం ఆ నమూనాపై హక్కు పొందిన సంవత్సరమే కావచ్చును. బొమ్మ ఆ తరువాత ఎన్నో ఏండ్లకు తయారై ఉండవచ్చును.

అలాగని దీనిని సంపాదన మార్గమనుకుంటే మోసపోతాము. అమ్మేవాడు అడిగే ధర వేరు, నిజంగా అమ్ముడుపోయిన ధర వేరు. 1993లో అమెరికాలో బీనీ బేబీస్ అనే చిన్న గుడ్డబొమ్మలు వచ్చాయి. కొన్ని రకాలు దొరకకుండా పోయేసరికి జనం ఎగబడి కొన్నారు. పిల్లల చదువుకు పనికివస్తాయని డబ్బు పోసి దాచినవారున్నారు. 1999లో లాస్ వేగాస్‌లో విడాకులు తీసికొన్న ఒక జంట ఆ బొమ్మలను పంచుకోలేకపోతే, కోర్టు హాలులోనే నేల మీద కుప్పపోసి ఒక్కొక్కటిగా ఏరుకోవలసి వచ్చింది. కొద్దికాలానికే వాటి ధరలు పడిపోయాయి. నేటికీ పాత సామాన్ల దుకాణాల్లో అవి గంపలకొద్దీ ఉంటాయి.

డబ్బు పోతే పోయింది, బిడ్డ ఆరోగ్యం పోతే తిరిగి రాదు. పాత బొమ్మల రంగుల్లో సీసం కలిపేవారు. అమెరికాలో 1978లో గాని బొమ్మల రంగులో సీసానికి గట్టి హద్దు పెట్టలేదు. 2008 చట్టంతో ఆ హద్దును ఇంకా తగ్గించారు. 2018లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం ఇండ్లలోను, బాలల బడుల్లోను, ఇలాంటి దుకాణాల్లోను దొరికిన 200 పాత ప్లాస్టిక్ బొమ్మల పరీక్షను ప్రకటించింది. చాలా బొమ్మల్లో సీసం, కాడ్మియం వంటి విషపదార్థాలు ఉన్నాయి. పసుపు, ఎరుపు, నలుపు బొమ్మల్లో ఇవి ఎక్కువగా కనబడ్డాయి. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మాత్రమైతే ఫరవాలేదని చెప్పదగిన కొలత లేదని వైద్యులంటారు. సబ్బుతో కడిగితే పైమురికి పోతుంది గాని, రంగులో ఉన్న సీసం పోదు.

కాబట్టి పాత బొమ్మ మీ ఇంటికి వచ్చిననాడే, అది అల్మారాకా, పసిచేతికా అని తేల్చుకోండి. ఈ నాలుగు మాటలు జ్ఞాపకముంచుకోండి.

1. రంగు పెచ్చులూడుతున్న పాత బొమ్మ, ఎప్పటిదో తెలియని బొమ్మ అందకుండా పైన ఉండాలి. ప్రతిదీ నోట్లో పెట్టుకునే బిడ్డకు ఇవ్వవద్దు.

2. ఊడివచ్చే ముక్కలు చూడండి. 1.25 అంగుళాల వెడల్పు గల చిన్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ముక్క 3 ఏండ్లలోపు బిడ్డ బొమ్మలో ఉండరాదని అమెరికా నియమం. గొంతుకు అడ్డుపడుతుందని దాని భావం.

3. బ్యాటరీ పెట్టేచోట తెల్లని పొడి, పచ్చని తుప్పు ఉంటే పిల్లలను తాకనివ్వవద్దు. బిళ్లలాంటి బ్యాటరీ ఉన్న బొమ్మకు మూత మరబిగించి ఉండాలి. ఆ బిళ్ల మింగితే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

4. పసివారికి కొత్త బొమ్మ కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో బొమ్మలకు ఇది తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు ఉన్న చేతిపని బొమ్మలకు మాత్రం మినహాయింపు కలదు. లక్కతో, ప్రకృతి రంగులతో చేసే ఏటికొప్పాక బొమ్మలు మనకున్నవే గదా. కొనేటప్పుడు ఏ రంగులు వాడారో అడిగి తీసికొనండి.

చివరిగా న్యాయం గురించి ఒక మాట. దుకాణంవారు చీటీ మీద వేసిన ధర ఇచ్చి కొనుట తప్పు కాదు. కాని చీటీలు మార్చుట దొంగతనమే. పొరుగింటి ముసలమ్మ, ‘ఎంత ఇస్తావు నాయనా?’ అని నమ్మి అడిగినప్పుడు విలువ తెలిసికూడా పది రూపాయలు చేతిలో పెట్టుట అంతకంటే తక్కువేమీ కాదు. అలాగే, బీదవారికి అందుబాటులో ఉండాలని తక్కువ ధరకు పెట్టిన బొమ్మలన్నిటినీ ఒక్కరే ఊడ్చుకొనిపోతే, చేతిలో చిల్లరతో ఆలస్యంగా వచ్చిన తల్లికి ఏమి మిగులుతుంది? విదేశాల్లో ఉన్న మన బిడ్డలకు ఉత్తరం వ్రాసేటప్పుడు ఈ మాట కూడా వ్రాయండి. అల్మారాకు ఒకటి ఏరుకోండి, ఆడుకునే బిడ్డలకు పదింటిని విడిచిపెట్టండి.