మాట పడిపోయింది ఎవరికి?

"పక్షవాతమొచ్చి మాట పడిపోయింది" అంటాం. మాట పోయినవాడు ఒకడు, ఉన్నవాళ్లం మిగతా అందరం. ఈ లెక్కే తప్పంటాను.

అఫేసియా అంటే మెదడులో భాషని నడిపే భాగం దెబ్బతినడం. ఎక్కువగా స్ట్రోక్ వల్ల వస్తుంది. ఆ మనిషికి తన కూతురెవరో తెలుసు, పొలం కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో తెలుసు, అల్లుడి మీద కోపమెందుకో కూడా తెలుసు. తెలిసింది మాటలోకి రాదు. కొందరికి ఎదుటివాళ్ల మాట అందుకోవడమూ కష్టమవుతుంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా చూసిన రోగి ఏది అడిగినా దాదాపుగా "టాన్" అనే అనేవాడు. చరిత్రలో ఆయన పేరు కంటే ఆ "టాన్" ఎక్కువ నిలిచింది. దెబ్బ మెదడులో ఎక్కడుందో బ్రోకా చూపించాడు. వైద్యం చూపు చాలాకాలం అక్కడే ఆగింది.

ఇక మన ఇళ్లలో చూడండి. బంధువులు మంచం చుట్టూ చేరి పరీక్ష పెడతారు. "నేనెవర్నో చెప్పు పెదనాన్నా?" "ఇదేంటి? పెన్ను అను... పె...న్ను." అది పెన్నని అడిగేవాడికీ తెలుసు, ఆయనకీ తెలుసు. చెవుడొచ్చినట్టు గట్టిగా అరుస్తారు. ఆయన ఒక మాట కోసం తడుముకుంటుంటే రెండు క్షణాలు ఆగలేక నాలుగు మాటలు అందిస్తారు, నాలుగూ తప్పే. డాక్టరు ఆయన్ని అడిగిన ప్రశ్నకి కొడుకు జవాబిస్తాడు. "ఆయనకివన్నీ తెలీవులెండి" అని ఆయన వింటుండగానే అంటారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. ప్రేమతో చేసినా అవమానం అవమానమే.

మా సాఫ్ట్‌వేర్ పనిలో రెండు సిస్టమ్‌ల మధ్య మెసేజ్ పోకపోతే, ఒకవైపు లాగ్ చూసి తప్పు దానిదేనని తేల్చేస్తే ఎవరూ ఊరుకోరు. మనుషుల సంభాషణ దగ్గర మాత్రం సరిగ్గా అదే చేస్తాం.

టొరాంటోలో ఆరా కేగన్ ఈ లెక్కని తిరగేసింది. రోగితో మాట్లాడేవాళ్లకి శిక్షణ ఇచ్చింది. ముఖ్యమైన మాటని కాగితం మీద రాసి చూపించడం, "అవును", "కాదు" రాసిపెట్టి వేలితో చూపించమనడం, బొమ్మ గీయడం, ఆగడం, "మీరంటున్నది ఇదేనా?" అని సరిచూసుకోవడం. అన్నిటికన్నా ముందు, "మీకు తెలుసని నాకు తెలుసు" అని పైకి చెప్పడం. 2001లో వచ్చిన ఆమె అధ్యయనంలో 20 మంది వాలంటీర్లకి ఈ శిక్షణ ఉంది, 20 మందికి లేదు. నేర్చుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడించారు, అందులో వింతేం లేదు. అసలు సంగతి ఇది: వాళ్లతో మాట్లాడిన అఫేసియా బాధితులు, తమకి ఏ శిక్షణా లేకుండానే, మెరుగ్గా సంభాషించారు. అంటే రోగి లోటనుకున్నదాంట్లో కొంత ఎదురుగా కూర్చున్నవాళ్లది!

సాహిత్యలోకానిది ఇంకో వరస. స్వీడిష్ కవి టోమాస్ ట్రాన్స్‌ట్రోమర్‌కి 1990లో స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యీ, మాటా చాలావరకు పోయాయి. 2011లో నోబెల్ వచ్చింది. ఇక ఆయన గురించి రాయాలంటే "మౌనం" అన్న మాట ఎంత తేలిగ్గా దొర్లుతుందో! మౌనం ఎంచుకునేది. అఫేసియాని ఎవరూ ఎంచుకోరు. ఆయన అనగలిగిన ఒకటి రెండు మాటల్నీ, సైగల్నీ భార్య మోనికా అందుకుని ఎదుటివాళ్లకి చేర్చేది. ఆ ఇంట్లో జరిగినదాన్ని మౌనం అనకండి. అది ఇద్దరు కలిసి చేసిన పని.

"అంటే ఇంటి ఆడవాళ్ల నెత్తిన ఇంకో బరువా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ బరువు ఇప్పటికే వాళ్ల మీదుంది. ఊహించి, విసుక్కుని, చాటుగా ఏడ్చి మోస్తున్నారు. పద్ధతి తెలిస్తే కాస్తన్నా తేలికవుతుంది. పైగా నేర్చుకోవాల్సింది భార్యో కోడలో మాత్రమే కాదు. డాక్టరు, బ్యాంకు క్లర్కు, గుమ్మంలోనే నిలబడి "ఎలా ఉన్నాడమ్మా?" అని ఆవిణ్ణి అడిగి వెళ్లిపోయే పాత స్నేహితుడు, అందరూను.

ఇది అఫేసియాని నయం చేయదు. స్పీచ్ థెరపీ వద్దనీ అనడం లేదు. కానీ పెన్నుని పెన్ననడం వచ్చేదాకా మనిషిని సంభాషణ బయట నిలబెట్టే హక్కు మనకెవరిచ్చారు?

ఈసారి చూడ్డానికెళ్లినప్పుడు బత్తాయిలతో పాటు ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను కూడా పట్టుకెళ్లండి. అదేంటని మాత్రం అడక్కండి.