ఊర్లో జాగ కొంటున్నారా? బయానా పంపే ముందు ఇవి చూడండి

సత్వాలో ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకుని రూపాయి రూపాయి వెనకేసేది ఊర్లో సొంతిల్లు కోసమే. అంతలో ఊరి నుంచి ఫోన్ వస్తుంది. "రోడ్డు పక్కనే జాగ, చవక. రెండ్రోజుల్లో బయానా ఇయ్యాలె" అని. ఆ తొందరలోనే చాలామంది మునుగుతున్నారు.

మొదట అడగాల్సింది ధర కాదు. అది ఇంటి స్థలమా, సాగు భూమా? కొలువు కోసం దేశం దాటిన మనమంతా ఫెమా చట్టం లెక్కలో ప్రవాసులమే. ఇల్లు, ఇంటి స్థలం కొనొచ్చు. సాగు భూమి, ఫాంహౌస్ కొనడానికి లేదు, గిఫ్టుగా పుచ్చుకోవడానికీ లేదు. వారసత్వంగా వచ్చింది, గల్ఫ్‌కు రాకముందు కొన్నది ఉంచుకోవచ్చు.

అందుకే తమ్ముడి పేరు మీదో, నాయన పేరు మీదో కొంటున్నారు. కాగితంలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. పైసలు నేనే పంపిన అంటే 2016లో గట్టిపడిన బినామీ చట్టం అడ్డం వస్తుంది. లెక్క చూపగల సొంత సంపాదనతో భార్య, పిల్లల పేరు మీద కొంటే ఆ చట్టంలో మినహాయింపు ఉంది. తమ్ముడు, తల్లిదండ్రుల విషయంలో మాత్రం కాగితంలో మీ పేరు కూడా ఉండాలి. సాగు భూమిలో మీ పేరు పెట్టనిచ్చేది ఫెమా కాదు. చిక్కంతా ఇక్కడే.

కాబట్టి ఇంటి స్థలమే, మీ పేరు మీదే కొనడం మేలు. తెలంగాణలో సాగు భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులో, ప్లాటుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది. ఎక్కడికి రావాలని అడిగితేనే సగం గుట్టు తెలుస్తుంది. లేఅవుట్‌కు సర్పంచ్ సంతకం ఒక్కటే చాలదు, డీటీసీపీ అనుమతి నంబరు అడగండి. అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను 2020 ఆగస్టులో ప్రభుత్వం ఆపేసినప్పుడు ఎందరి సొమ్మో ఇరుక్కుంది.

సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతిలో సాగు భూమి రికార్డు కనిపిస్తుంది. ముప్పై ఏళ్ల ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లు చూడండి. గ్రామకంఠం జాగకు పాస్‌బుక్ ఉండదు. ఇంటి పన్ను రసీదు చూపి హక్కు ఉందంటే నమ్మొద్దు. చెరువు శిఖమా, దారి ఉందా అన్నది సర్వేయర్‌తో కొలిపిస్తేనే తేలుతుంది.

మీరు వెళ్లలేకపోతే ఆ ఒక్క పనికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ రాసి, దుబాయ్ భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఎదుటివాడు జీపీఏ మీదే అమ్ముతానంటే వద్దనండి. దానితో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

పైసలు బ్యాంకు ద్వారా, అమ్మేవాడి సొంత ఖాతాకే పంపండి. కాగితాలు వకీలుకు చూపించే ఖర్చు మీ నెల జీతంలో కొంత. చూపించకపోతే పోయేది ఏళ్ల కష్టం.