తాడు లేని తాడాట

నాటకం ఆడాలంటే ముందుగా ఒక రచయిత దాన్ని రాయాలి. వేషాలు కట్టేవాళ్లు తమ మాటలు వల్లించాలి. రోజుల తరబడి రిహార్సళ్లు చెయ్యాలి. ప్రదర్శననాడు ఎవరన్నా మాట మరిచిపోతే అందించటానికి తెరచాటున ఒక మనిషి ఉండాలి. ఇవేవీ లేని నాటకాలు కూడా ఉన్నాయంటే మీరు నమ్ముతారా?

అలాటి నాటకంలో నటులు ఉత్తచేతులతో రంగం మీదికి వస్తారు. "ఏదైనా ఒక చోటు పేరు చెప్పండి," అని ప్రేక్షకులనే అడుగుతారు. ఎవరో "రైలు స్టేషను!" అని అరుస్తారు. అంతే! అక్కడికక్కడే ఒకడు టిక్కెట్లమ్మే గుమాస్తా అవుతాడు, ఇంకొకడు రైలు తప్పిపోయినవాడవుతాడు, కథ నడిచిపోతుంది. మర్నాడు మళ్లీ అదే నాటకం చూద్దామన్నా దొరకదు. అప్పటికప్పుడు పద్యం చెబితే ఆశుకవిత్వం అంటాం గద, దీన్ని ఆశునాటకం అనవచ్చు.

ఈ విద్య ఆడటమూ, నేర్పటమూ వృత్తిగా గలవారు ఈనాడు అనేక దేశాలలో ఉన్నారు. వారిలో చాలామంది ఆడే ఆటలు ఒకే ఒక పంతులమ్మ కల్పించినవి. ఆమె పేరు వయొలా స్పోలిన్.

వయొలా 1906లో అమెరికాలోని చికాగో నగరంలో పుట్టింది. ఆ నగరంలో హల్ హౌస్ అనే సేవాసంస్థ ఉండేది. దాన్ని 1889లో స్థాపించిన ఇద్దరిలో ఒకరైన జేన్ ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. పరదేశాలనుంచి పొట్టకూటికి వలసవచ్చిన బీదవాళ్లు ఆ చుట్టుపక్కల కాపురముండేవారు. నీవా బాయిడ్ అనే ఆవిడ అక్కడ ఆటలద్వారా పిల్లలకు కలిసిమెలిసి ఉండటం ఎలాగో నేర్పేది. వయొలా 1924 మొదలు మూడేళ్లపాటు ఆమె దగ్గర శిక్షణ పొందింది.

తరువాత అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యం వచ్చింది. పనిలేనివారికి పని కల్పించటానికి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. ఆ పథకం కింద 1939 ప్రాంతంలో వయొలాకు చికాగోలో నాటకాలు నేర్పే ఉద్యోగం దొరికింది. ఆమె దగ్గరికి వచ్చినవారిలో నానాజాతులవాళ్లూ ఉన్నారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. నటన గురించి ఉపన్యాసాలిస్తే వాళ్ల తల కెక్కదు. నలుగురిలో నిలబడమంటే కొందరికి నోరు పెగలదు.

దాగుడుమూతలు ఆడే కుర్రవాడికి, "అందరూ నన్ను చూస్తున్నారే!" అన్న సిగ్గు ఎందుకుండదు? వాడి మనసంతా దొంగ ఎటునుంచి వస్తాడా అన్నదానిమీదే ఉంటుంది గనక. నటనలో కూడా మనసు నిలపటానికి ఏదో ఒకటి ఇస్తే భయం దానంతటదే పోతుందని వయొలా గ్రహించింది. ఆమె పాఠాలన్నీ ఆటలయాయి.

ఆమె పుస్తకంలో మొట్టమొదటి ఆట ఇది. సగంమంది రంగం మీద వరసగా ఊరికే నిలబడాలి. మిగిలినవారు కింద కూచుని వాళ్లను చూడాలి. కొంతసేపటికి నిలబడ్డవాళ్లలో ఒకడు ఇకిలిస్తాడు, ఒకడు కాళ్లు కదుపుతాడు, ఒకడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అప్పుడు వాళ్లను ఏదన్నా లెక్కపెట్టమంటుంది, కుర్చీలో, నేలమీది పలకలో. లెక్కలో పడగానే అందరూ కుదుటపడతారు. చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు, కాని భయం లేదు!

మరొక ఆట తాడాట. రెండు పక్షాలవాళ్లు తాడు లాగుతారు. కాని అక్కడ తాడుండదు! ఒక పక్షం ముందుకు ఈడ్చుకు రావాలంటే రెండో పక్షం సరిగ్గా అంతే వెనక్కు పోవాలి. ఎవరికి వారే గెలుద్దామనుకుంటే తాడు సాగిపోతుంది, ఆట పాడవుతుంది. ఎదుటివాణ్ణి కనిపెట్టి ఉండటమే ఆశునాటకంలో మొదటి పాఠం.

ఆట జరుగుతుండగా వయొలా పక్కన నిలబడి, "తాడును చూడండి!" అని హెచ్చరిస్తూండేది. ఆట ముగిశాక "శభాష్" అనీ అనేది కాదు, "చెడగొట్టావు" అనీ అనేది కాదు. "మీకు తాడు కనిపించిందా?" అని చూసినవాళ్లను అడిగేది. మెప్పు కోసం ఆడేవాడు గురువు మొహం చూస్తాడే గాని, తాడును చూడడని ఆమె నమ్మకం.

1946లో ఆమె హాలీవుడ్‌లో పిల్లలకోసం ఒక నటబృందం పెట్టింది. ఆరేళ్లవాళ్లు కూడా అందులో చేరారు. ఆమె కొడుకు పాల్ సిల్స్ తల్లి ఆటలే పెట్టుబడిగా, మరి ఇద్దరితో కలిసి 1959 డిసెంబరు 16న చికాగోలో "సెకండ్ సిటీ" అనే నాటకశాల తెరిచాడు. అక్కడి నటులకు వయొలాయే ఆటలు నేర్పింది. ఆ నాటకశాల ఇప్పటికీ నడుస్తున్నది, దానికి అనుబంధంగా శిక్షణాలయం కూడా ఉన్నది. 1963లో ఆమె రెండువందలకు పైగా ఆటలను పుస్తకంగా వేసింది. 1994లో చనిపోయేనాటికి ఎన్నో బళ్లలో పంతుళ్లు ఆ ఆటలను ఆడిస్తున్నారు.

మీరు కూడా ఈ ఆదివారం తాడాట ఆడి చూడండి. అటు నలుగురూ ఇటు నలుగురూ చాలు. చూడటానికి మీ అమ్మనూ నాన్ననూ పిలవండి. అమ్మానాన్నలకు ఒక్క మనవి: ఆట అయాక పిల్లలను పొగడనూ వద్దు, తప్పులు పట్టనూ వద్దు. తాడు కనిపించిందో లేదో మాత్రం నిజం చెప్పండి.