సముద్రానికి కూడా ప్రత్యేక దర్శనం టికెట్టా?

మా అబ్బాయి డల్లాస్ నుంచి ఫోన్ చేసి, "నాన్నా, అండమాన్‌లో మీకోసం బీచ్ మీద ప్రైవేట్ కబానా బుక్ చేశాను" అన్నాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న "ఎంతయింది?" అని కాదు, "ఆ బీచ్ ఎవరిది?" అని. బి.కాం. చదివి, ఉద్యోగకాలమంతా రక్షణ శాఖ ఖాతాల్లో బిల్లులు చూసినవాడికి ఆ బుద్ధి రిటైరయినా పోదు. సొమ్ము ఎంత అన్నది తరువాతి సంగతి. ముందు శాంక్షన్ ఎవరిచ్చారో చూడాలి.

కబానా అంటే తెలియనివారికి చెబుతాను. నాలుగు గుంజలు, పైన ఒక కప్పు, పక్కల తెల్లటి తెరలు, లోపల రెండు పడక కుర్చీలు. మన భాషలో చలువ పందిరి. తేడా ఒక్కటే. మన చలువ పందిరి దారిన పోయే ఎవరికయినా వేసేది, ఇది దారిన పోయేవాణ్ణి రానివ్వకుండా వేసేది.

ఇంకో మాట. అండమాన్ టూర్ ప్యాకేజీల భాషలో 'క్రూజ్' అంటే కాసినోలు, ఈతకొలనులు ఉన్న పెద్ద ఓడ అనుకోకండి. ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్ నుంచి, స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చిన హేవ్‌లాక్‌కి మనుషుల్ని చేర్చే వేగపు నావలు అవి. మా ఆరుగురి ప్యాకేజీలో అలాంటి క్రూజ్, దిగాక కారు, ఆపైన 'ప్రైవేట్ బీచ్ కబానా, 4 గంటలు, 6,500 రూపాయలు' అని ఒక పద్దు ఉన్నాయి.

"అంత డబ్బెందుకురా?" అంటే మావాడు చెప్పిన జవాబు: "రెండే మిగిలాయి నాన్నా, మళ్ళీ దొరకదు."

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మూఢం వచ్చేస్తోంది, ఈ ముహూర్తం దాటితే మూడు నెలల దాకా మరోటి లేదు అని పురోహితుడు అనగానే ఆడపెళ్ళివారు ఏ ధర చెప్పినా ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు కట్టేస్తారు. నక్షత్రం పేరు చెప్పి తొందరపెట్టేవాడికీ, కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాలతో తొందరపెట్టేవాడికీ సూత్రం ఒకటే. కొనేవాడికి ఆలోచించే టైము ఇవ్వకూడదు. మన హేతువాదులం మొదటివాణ్ణి చూసి నవ్వుతాం, రెండోవాడికి క్రెడిట్ కార్డు నెంబరు చెబుతాం.

నేను తాయెత్తు అమ్మేవాణ్ణి ఎప్పుడూ మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇవి నేను కనిపెట్టినవి కావు, ఏ ఆడిటరయినా అడిగేవే.

1. నువ్వు అమ్ముతున్నది నీదేనా? అమ్మే అధికారం నీకు ఎవరిచ్చారు?
2. నేను కొన్నది నాకు అందిందని తేల్చుకునే మార్గం ఏమిటి?
3. నేను డబ్బు కట్టకపోతే జరిగే నష్టం ఏమిటి?

దేవుడి అనుగ్రహాన్ని అమ్మేవాడు మొదటి ప్రశ్న దగ్గరే కూలిపోతాడు. మరి సముద్రపు ఒడ్డు అమ్మేవాడో?

2025 జనవరిలో మేం వెళ్ళాం. బీచ్ పేరు చెప్పను, తప్పు బీచ్‌ది కాదు గనక. ఏజెంటు పంపిన కుర్రాడు ఒక పెద్ద చెట్టు కింద నాలుగు వెదుళ్ళు పాతి తెల్లగుడ్డ కట్టాడు. అప్పటికే ఆ చెట్టు కింద ఒక కుటుంబం చాప పరుచుకుని భోజనాలు చేస్తోంది. కుర్రాడు హిందీలో "లేవండి, ఇది బుక్ అయిపోయింది" అన్నాడు. వాళ్ళలో ముసలావిడ మా మాటలు విని తెలుగువాళ్ళమని పోల్చుకుని, "ఏటి బాబూ, సముద్రం కూడా బుక్కు సేసీసినారా?" అంది. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. తండ్రుల కాలంలోనే వలస వచ్చి అక్కడ స్థిరపడిన కుటుంబం. అండమాన్‌లో అలాంటి తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఊరివాళ్ళని, వాళ్ళ ఊరి చెట్టు కిందనుంచి, అన్నం తింటున్నవాళ్ళని లేపడానికి నా కొడుకు 6,500 రూపాయలు కట్టాడు. మా ఆవిడ "మీరు కూర్చోండమ్మా" అని ఆవిడ పక్కనే చాప మీద కూర్చుంది. ఇంతలో బీచ్ కాపలా మనిషి వచ్చి పర్మిట్ చూపించమన్నాడు. కుర్రాడి దగ్గర ఏ కాగితమూ లేదు. గుడ్డ విప్పించేశాడు. గుడ్డ పోయింది గానీ నీడ పోలేదు, అది చెట్టుది. మొదటి ప్రశ్నకి జవాబు అక్కడే దొరికింది. రెండోదానికీ దొరికింది. మేం కొన్నది నీడ కాదు, ఆ గుడ్డ తెర.

చట్టం సంగతి కూడా చూద్దాం. బియాస్ నది ఒడ్డున ఒక మోటెల్ కోసం ఇచ్చిన లీజు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎం.సి. మెహతా, కమల్ నాథ్ కేసుగా ప్రసిద్ధి. గాలి, పారే నీరు, సముద్రం, తీరం, అడవి లాంటివి ప్రజలందరి సొత్తు, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అన్న సూత్రాన్ని మన దేశపు చట్టంలో భాగంగా అంగీకరించింది. ఆ సూత్రం రోమన్ల కాలం నుంచి ఉన్నదే. దేవుడు అక్కర్లేని ధర్మకర్తృత్వం అన్నమాట! లైసెన్సు ఇచ్చి తాత్కాలికంగా పాకలు వేయించుకోవచ్చు, గోవాలో వేస్తారు. కానీ అది లైసెన్సు, పట్టా కాదు. దానికి కాగితం ఉంటుంది, అడిగితే చూపించాలి.

మా అబ్బాయి ఊరుకోలేదు. "మేం బహామాస్ వెళ్ళినప్పుడు క్రూజ్ వాళ్ళ సొంత దీవిలో కబానా తీసుకున్నాం. అదీ తప్పేనా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ నార్వేజియన్ క్రూజ్ లైన్ 1977లో గ్రేట్ స్టిరప్ కే అనే దీవిని కొనేసింది. డిస్నీ కంపెనీ ఇంకో దీవిని 99 ఏళ్ళ లీజుకి తీసుకుని కాస్టవే కే అని పేరు పెట్టింది. అక్కడ నా మొదటి ప్రశ్నకి వాళ్ళ దగ్గర కాగితం ఉంది, ఒప్పుకుంటాను. కానీ కాగితం ఉన్నంతమాత్రాన అన్నీ సరిపోతాయా? హైతీలో లాబడీ అనే తీరాన్ని రాయల్ కరీబియన్ కంపెనీ లీజుకి తీసుకుని కంచె కట్టింది. 2010 జనవరి 12న ఆ దేశంలో ఘోరమైన భూకంపం వచ్చింది. మూడు రోజులకే ఆ కంచె లోపల విహారనౌక ఆగింది. సహాయ సామగ్రి కూడా తెచ్చామని కంపెనీ చెప్పింది, తెచ్చింది కూడా. అయినా ప్రయాణికుల్లోనే కొందరికి అక్కడ పిక్నిక్ భోజనం గొంతు దిగలేదని పత్రికలు రాశాయి. కంచె అవతల ఏం జరుగుతోందో కనబడకుండా చేయడమే ఆ తెర పని. కాగితం ఉన్నా దాని పని అదే.

"ఇందులో హేతువాదం ఏముందండీ, ఇది సోషలిజం" అనేవాళ్ళుంటారు. నేను చెప్పేది అది కాదు. తిరుమలలో మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనాన్ని మనం ఎందుకు విమర్శిస్తాం? అందరికీ సమానుడన్న దేవుడి దగ్గరే వరసలు వేరయితే ఆ సమానత్వం అబద్ధమని తెలిసిపోతుంది గనక. మరి దేవుడు లేడనే మనం ప్రకృతి అందరిదీ అంటాం కదా. అక్కడా వరసలు వేరుచేస్తే మన మాట మాత్రం నిజమవుతుందా?

ఇక్కడితో ఆపేస్తే నేను గెలిచినట్టే. కానీ నా ఖాతా కూడా ఆడిట్ చేయాలి గదా.

1999 నుంచి 2002 దాకా నేను పోర్ట్ బ్లెయిర్‌లో పనిచేశాను. ఒక ఆదివారం వండూరు నుంచి పడవ మీద జాలీబాయ్ దీవికి వెళ్ళాం. అది మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోది. పర్మిట్ ఉండాలి, ప్లాస్టిక్ తీసుకెళ్ళకూడదు, సాయంత్రానికి తిరిగి వచ్చేయాలి. ఆఫీసరయినా గుమాస్తా అయినా రూలు ఒకటే. అక్కడ కూర్చోవడానికి నీడ తక్కువ. నేనేం చేశానో తెలుసా? మా సెక్షన్‌లో కుర్రవాణ్ణి ముందు దిగి మంచి చోట తువ్వాలు వేసి ఉంచమన్నాను. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టినట్టు! పైసా ఖర్చు లేదు గనక అది తప్పని అనిపించలేదు. ఇప్పుడాలోచిస్తే నా హోదాయే నేను కట్టిన డబ్బు. ఆ కుర్రాడి భార్యాబిడ్డలు ఆ రోజు ఎండలో ఎక్కడ కూర్చున్నారో నేను చూడలేదు. చూడాలన్న ఆలోచన రాలేదు.

ఇక మూడో ప్రశ్న మిగిలింది. కట్టకపోతే నష్టం ఏమిటి? నేను "ఏమీ లేదు" అని తీర్పు చెప్పేసి, రాత్రి హోటల్లో కోడలి ముందు ఉపన్యాసం మొదలుపెట్టాను. మా ఆవిడ మధ్యలో ఆపింది. "సిద్ధాంతం బాగానే ఉందండీ. నా మోకాలికి ఏం చెబుతారు?" ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది, బి.పి. ఉంది. కారు దిగిన చోటి నుంచి ఆ చెట్టు దాకా ఇసకలో నడవడానికి ఎంత అవస్థ పడిందో నాకు తెలియదు, నేను ముందు నడిచాను గనక. కోడలు మెల్లగా అంది, "మావయ్యగారూ, ఆయన అత్తయ్యగారి కోసమే బుక్ చేశారు, గొప్ప కోసం కాదు."

నాకు జవాబు దొరకలేదు. తాయెత్తు కొనకపోతే నిజంగా ఏ నష్టమూ లేదు. ఎండలో నీడ లేకపోతే నష్టం ఉంది. అది వైద్యుడు చెప్పే నష్టం. అంటే ఈ వ్యాపారం బొత్తిగా అబద్ధం మీద నిలబడలేదు. నిజమైన అవసరం మీద అబద్ధపు హక్కుని నిలబెట్టింది. దొంగ బాబాలు కూడా అంతే కదా! రోగం నిజం, విభూతి అబద్ధం. బాబాని వెళ్ళగొట్టి ఆస్పత్రి కట్టకపోతే జనం ఇంకో బాబా దగ్గరికి వెళతారు. కబానాని ఎగతాళి చేసి బెంచీ వేయకపోతే మా అబ్బాయి లాంటివాళ్ళు ఇంకో ఏజెంటుకి కడతారు.

కాబట్టి మనం అడగవలసింది అందరి నీడ. ఇది గాలిలో మేడ కాదు. అండమాన్‌లో వండూరు లాంటి చోట్ల మొసళ్ళు రాకుండా నీళ్ళలో వలలు కట్టారు. ఆ వల డబ్బు కట్టినవాడి కాలికి వేరుగా, కట్టనివాడి కాలికి వేరుగా ఉండదు. అదే లెక్క ఇసక మీద ఎందుకు పనికిరాదు? 2020లో మన దేశంలో ఎనిమిది బీచ్‌లకి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. వాటిలో హేవ్‌లాక్‌లోని రాధానగర్ ఒకటి, మన విశాఖ రుషికొండ ఒకటి. ఆ గుర్తింపుకి 33 ప్రమాణాలున్నాయి. నీటి శుభ్రతతో పాటు భద్రత, వికలాంగుల ప్రవేశం కూడా అందులో భాగమే. 2023లో రుషికొండలో మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుము పెడతామంటే జనం గోల చేశారు, వసూలు చేయబోమని మంత్రి ప్రకటించవలసి వచ్చింది. గోల చేస్తే పని జరుగుతుందన్నమాట. అయితే రుసుము వద్దని అరిచిన గొంతుతోనే బెంచీ కావాలని కూడా అడగాలి.

తిరిగి వచ్చాక నేను అండమాన్ అధికారులకి ఒక పేజీ ఉత్తరం రాశాను. మూడే కోరికలు. కారు ఆగే చోటి నుంచి నీడ దాకా నడవడానికి గట్టి బాట. ముసలివాళ్ళు, గర్భిణులు, వికలాంగులు ముందు కూర్చునే బెంచీలు. 'ఈ తీరంలో ఏ భాగాన్నీ ఎవరూ బుక్ చేయలేరు' అని హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగుల్లో ఒక బోర్డు. ఖర్చు అంచనా కూడా జతచేశాను, అలవాటు చొప్పున. జవాబు ఇంకా రాలేదు, నేను రిమైండర్లు రాయడంలో సిద్ధహస్తుణ్ణే.

ఏజెంటు సగం డబ్బు వెనక్కి ఇచ్చాడు. మిగతా సగం 'సౌకర్య రుసుము' కింద పట్టుకున్నాడు. ఆ రోజు మాకు సౌకర్యం చేసింది మాత్రం శ్రీకాకుళం ముసలావిడ. చాపలో చోటిచ్చి, మా మనవలకి చేపల వేపుడు పెట్టి, మా ఆవిడ లేచేటప్పుడు చెయ్యి అందించింది. ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియని రాబడి అది.

మీ ఊరి బీచ్‌కి వెళ్ళినప్పుడు ఆ మూడు ప్రశ్నలూ అడగండి. ఆ తరువాత వెనక్కి తిరిగి, మీ వెనక ఎవరయినా మోకాళ్ళ నొప్పితో నడిచి వస్తున్నారేమో కూడా చూడండి.